శుభం పడకముందే

ఉద్యోగం పోయిందని పురుషోత్తం ఇంట్లో చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కాతో, ఖాళీ లాప్‌టాప్ సంచితో అమెరికాలో తాముండే చాండ్లర్ ఊరి థియేటర్లో ముసలివాళ్ల కోసం వేసే పొద్దుటాటకు పోతాడు. వారమంతా ఒకటే సినిమా, 1930లనాటి నలుపు తెలుపు ప్రేమకథ. కష్టకాలంలో సినిమా ఓదారుస్తుందంటారు. ఇతన్ని మాత్రం కుదురుగా కూర్చోనివ్వదు. కాలు ఆడిస్తూ చూసి, ఒక ఘట్టం రాగానే పాప్‌కార్న్ వంకతో లేచి బయటికొచ్చేస్తాడు.

ఒక సాయంత్రం భార్య హైమ అతని చొక్కా వాసన చూసింది.

“మీ ఆఫీసులో రోజూ పాప్‌కార్నేనా, బాబూ?”

“సినిమాకెళ్తున్నా. అందులో హీరోకి జాబ్ పోతుంది. ఆ అమ్మాయికి చెప్పడు.”

హైమ అతని మెడ వైపు చూసింది. ఆఫీసు బ్యాడ్జి లేదు.

“తెలిశాక ఏం చేస్తుంది?”

“తెలీదు. అక్కడే లేచొచ్చేస్తున్నా.”

“రేపు లీవ్ పెడతా,” అంది హైమ. “చివరిదాకా కూర్చుందాం.”