మీ బిడ్డ దేనికి నవ్వుతది?

మా బిడ్డకు నాలుగో తరగతి చెప్పిన టీచరమ్మ పోయారని పోయిన నెల ఒక ఆదివారం పొద్దున తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. దాని కింద అందరూ దండాలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగిపోయాను. ఆమె నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. జవాబు చెప్పకుండా ఏడాదంతా తప్పించుకొని తిరిగినవాణ్ణి. ఆ గుంపులో చేరి దండం పెట్టడానికి నాకు మొహం చెల్లలేదు.

నాది కాజీపేటలో రైల్వే కొలువు, షెడ్డులో ఇంజన్ల మరమ్మతు. బడి తెరిచిన రోజు బిడ్డను నేనే తీసుకుపోయాను. కొత్త టీచరుకు పిల్లల్ని ఎట్లా అప్పజెప్పాలో మా ఇళ్లల్లో ఎవరూ నేర్పక్కర్లేదు. సొంత బిడ్డను పొగిడితే దిష్టి, పైగా పొగరనుకుంటారు. అందుకని తిట్టి అప్పజెప్పాలి. మా నాన్న నన్నూ అట్లాగే అప్పజెప్పాడు. నేనూ కాస్త వంగి నిలబడి అందుకున్నాను.

"ఉత్త మొద్దు మేడం. నోరు తెరువది. లెక్కలంటె ఏడుస్తది. తోలు మీది, బొక్కలు మావి. కొట్టి అయినా సరే చదువు చెప్పున్రి."

వినయంగా మాట్లాడాననే అనుకున్నాను. నా వేలు పట్టుకున్న చిన్న చెయ్యి మెల్లగా జారిపోయింది.

టీచరమ్మ నన్ను చూడటం లేదు, బిడ్డను చూస్తున్నారు. దగ్గరికి పిలిచి, ఒక కుర్చీ లాగి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత నాతో అన్నారు: "తమ్మీ, బిడ్డ ముంగట బిడ్డ గురించి చెప్పింది బిడ్డకు చెప్పినట్టే. అది ఇడిశిపెట్టు. మీ బిడ్డ దేనికి నవ్వుతది? అది చెప్పు."

నాకు తెలియదు. చప్పుడు విని ఇంజన్లో ఏది చెడిందో చెప్పగలను గానీ, నా బిడ్డ నవ్వు గురించి ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. ఏం చెబుతానోనని బిడ్డ కూడా నావైపే చూస్తోంది. వెనకాల మిగతా తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఆమె గొంతు తగ్గించి, వాళ్లకు వినపడకుండా, తొందరేం లేదు, తెలిసినప్పుడు వచ్చి చెప్పమన్నారు. గట్టిగా మందలించినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో. ఆ తర్వాత ఏ మీటింగుకూ నేను పోలేదు, నా భార్యను పంపాను. బిడ్డను దించడానికి పోయినా మలుపు దగ్గరే బండి తిప్పుకొనేవాణ్ణి. ఒకసారి మార్కెట్లో ఆమె ఎదురుపడితే ఉల్లిగడ్డల బస్తాల వెనక్కి జరిగాను, ఇంత మనిషిని.

ఆమె సంగతులన్నీ అన్నం తినేటప్పుడు బిడ్డ చెబితేనే తెలిసేవి. క్లాసులో బెత్తం ఉంది గానీ అది పై కిటికీ తలుపు నెట్టడానికేనట. శనివారం ఒక్కొక్కరూ లేచి పక్కన కూర్చున్నవాళ్లను అందరికీ పరిచయం చేయాలట. మొద్దు, హుషారు లాంటి మాటలు పనికిరావు. దేనికి నవ్వుతారు, దేనికి జంకుతారు, ఏది ఇష్టం, అంతే. "మనిషిని ఒకరికి అప్పజెప్తే మంచిగ అప్పజెప్పాలె" అనేవారట. ఆ మాట విన్న రోజు సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం పక్కింటివాళ్ల మేక తుమ్మింది. మా బిడ్డ పడీపడీ నవ్వింది. మళ్లీ తుమ్ముతుందేమోనని ఇద్దరం గోడ పట్టుకొని చాలాసేపు నిలబడ్డాం. జవాబు దొరికింది, బడి తెరవగానే పోయి చెబుదామనుకున్నాను. ఇన్నాళ్లూ ఎక్కడున్నావు తమ్మీ అంటారేమోనని జంకి, రేపు మాపు అంటూ జరిపాను. ఇంతలో ఈ కబురు.

దినవారాలు అయ్యాక బిడ్డ పోదామని పట్టుబడితే వాళ్లింటికి పోయాం. ముందుగదిలో దండ వేసిన ఫోటో. టీచరమ్మ భర్త బిడ్డను గుర్తుపట్టి దగ్గరికి తీసుకున్నాడు. నన్ను చూసి, "ఈయన ఎవరు బిడ్డా?" అన్నాడు.

బిడ్డ శనివారం క్లాసులో లేచినట్టు నిటారుగా నిలబడింది. "మా డాడీ. కోపం ఎక్కువ అనుకుంటరు గని, కోపం కాదు, సిగ్గు. మేక తుమ్మితె నా కంటె ఎక్కువ నవ్వుతడు. చాయ్ సాసర్ల పోసుకొని తాగుడు ఇష్టం. నలుగుర్ల తాగనీకె సిగ్గువడ్తడు."

నన్ను ఇంత మంచిగా ఎవరూ ఎవరికీ అప్పజెప్పలేదు. తల ఎత్తి ఆ ఫోటో వైపు చూడలేకపోయాను.

పెద్దాయన లోపలికి పోయి చాయ్ తెచ్చాడు. నా కప్పు కింద మాత్రం సాసర్ పెట్టాడు. అందులోకి వంపుతుంటే కొంత ఒలికింది. బిడ్డ తన కర్చీఫుతో తుడిచి, ఒక కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకొని కూర్చుంది.