జవాబు వినిపించని ఆడియో ఫైలు

విచారణ కార్యాలయంలో రికార్డయిన వాంగ్మూలాలను విని టైపు చేసే గుమాస్తా ఒకామె ఉండేవారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఏ వాక్యం చివరా చుక్క మరచిపోనందున తోటివారు ఆమెను చుక్కమ్మగారని పిలిచేవారు. చెప్పినది చెప్పినట్టు దింపడమే ఆమె ధర్మం. దగ్గితే దగ్గాడనీ, మిన్నకుంటే సమాధానం లేదనీ రాసేవారు.

ఆ గురువారం ఆమె ముందున్నది ఒక బడి కాపలాదారు విచారణ. ప్రయోగశాలకు తాళం వేయకుండా వెళ్లిపోయాడన్నది అతనిపై అభియోగం. టైపు ప్రతి చూసి అధికారి నాలుగింటికి సంతకం చేస్తే అతని ఉద్యోగం ఉండేదీ ఊడేదీ తేలిపోతుంది.

"తాళం వేశావా?" అని అధికారి గొంతు ఖంగుమంది. తరువాత నిశ్శబ్దం. "తాళంచెవి ఎవరికిచ్చావు?" మళ్లీ నిశ్శబ్దమే. నాలుగుచోట్ల సమాధానం లేదని టైపు చేశాక అధికారి, "కంగారుపడకు. ఆ చివరిమాట ఇంకోసారి చెప్పు" అన్నారు. చుక్కమ్మగారి వేళ్లు ఆగిపోయాయి.

"తమ్ముడూ, నోరు విప్పనివాణ్ణి ఎవరైనా ఇంకోసారి చెప్పమంటారా?" అని పక్క బల్ల దగ్గర కవర్లు అతికిస్తున్న టపా గుమాస్తాను అడిగారు.

"మా ఆవిడ రోజూ అంటుందక్కయ్యా!"

"నీ సంసారం ఫైలు తరవాత తెరుద్దాంలే, ముందిటు రా."

అతడు వాల్యూము పెంచాడు. అధికారి ప్రశ్నలకు చెవి గింగురుమన్నదే తప్ప జవాబు రాలేదు. హెడ్‌ఫోన్ తీగ పీకి మళ్లీ గుచ్చినా అంతే.

"సోమవారం వచ్చిన ఈ కొత్త కంప్యూటరులో ప్లేయరు ఒట్టి షోకిల్లాయి. వేరేది పెడదాం" అని మరో రెండు ప్లేయర్లు ఎక్కించాడు.

మొదటిదానిలో మాటమాటకూ తెరపై రంగుల అలలు లేచాయి. "ఇది విచారణా, వినోదమా?" అన్నారామె. అయినా కుతూహలం ఆగక వేగం తగ్గించి చూశారు. అధికారి నిద్రలో కలవరిస్తున్నట్టు సాగదీశారు. కాపలాదారు మాత్రం పలకలేదు.

రెండవది బూడిదరంగులో వెలవెలబోతూ ఉంది. అడుగున రెండు ఆకుపచ్చ గీతలు తప్ప దానికే అలంకారమూ లేదు. ప్రశ్న వినిపించినప్పుడు కింది గీత ఎగిరింది. నిశ్శబ్దం రాగానే అది పడుకుంది, పై గీత గంతులు వేయసాగింది.

"చూడు! శబ్దం ఉంది. మనకే చేరడం లేదు."

అతడు తెరపైకి వంగి చదివాడు. "కిందిది కుడి, పైది ఎడమ." తరువాత ఆమె తలవైపు చూసి ఫక్కున నవ్వాడు. "అక్కయ్యా, మీ ఎడమ చెవి ఎవరికి అద్దెకిచ్చారు?"

అధికారి పిలుపు గంట వినబడాలని అక్కడి టైపు గుమాస్తాలందరూ హెడ్‌ఫోన్‌ను కుడి చెవికే పెట్టుకుని, రెండో డొప్పను తలపైకి నెట్టుకునేవారు. విచారణ గదిలో అధికారి ముందొక మైకు, వాంగ్మూలం ఇచ్చేవారి ముందొక మైకు ఉండేవి. పాత కంప్యూటరు రెండు గొంతులనూ కలిపి రెండు చెవులకూ వినిపించేది. కొత్తది ప్రశ్నను కుడి చెవికీ, జవాబును ఎడమ చెవికీ వేటికవే వడ్డించింది.

ఆమె ఎడమ డొప్పను కిందికి లాగారు.

"వేశానండీ. రెండుసార్లు లాగి చూశాను. తాళంచెవి పెద్ద మాస్టారి గదిలో ఇచ్చి పుస్తకంలో సంతకం పెట్టానండీ" అంటోంది ఒక బొంగురు గొంతు.

ఆమె మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేశారు. గంట మోగింది. మరోసారి మోగింది. చివరకు అధికారే గుమ్మంలోకి వచ్చారు.

"వినబడలేదా?"

"వినబడకూడదనే మూసుకున్నానండీ" అని లేచి నిలబడి, ఆమె జరిగినదంతా విన్నవించారు.

"అయితే కంప్యూటరు తప్పన్నమాట."

"కాదండీ. ఒంటిచెవితో విన్న తప్పు నాది. సోమవారం నుంచి మరి రెండు వాంగ్మూలాల్లో ఇలాగే రాశాను. వాటిని వెనక్కి తెప్పించాలండీ."

అధికారి కలం జేబులో పెట్టుకుని, బడి నుంచి ఆ పుస్తకం తెప్పించమన్నారు. నాలుగు కాకముందే వచ్చింది. ఆ తేదీన కాపలాదారు సంతకమూ, తాళంచెవి అందుకున్న మాస్టారి సంతకమూ ఉన్నాయి. అభియోగం కొట్టివేస్తూ అధికారి ఉత్తర్వు చెప్పగా చుక్కమ్మగారు టైపు చేశారు.

అది పూర్తయ్యాక సోమవారం నాటి మొదటి ఫైలు తెరిచి, హెడ్‌ఫోన్ డొప్పలతో రెండు చెవులూ మూసుకున్నారు. తొలి ప్రశ్న ముగిసీ ముగియకముందే ఎడమవైపు నుంచి ఒక ఆడగొంతు గబగబా జవాబు చెప్పసాగింది.