బార్డోలీ గడ్డిలో నీలం రెక్కలు

కార్తీకమాసంలో ఓ ఆదివారం పొద్దున ఏడింటికి మా బావ రాజేశాన్ని సూరత్ బస్టాండుకు లాక్కొచ్చాను. కరోనా రెండో ఏడు అది. ఎండాకాలంలో ఆయన ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించుకుని చావు తప్పించుకున్నాడు. ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు చెప్పినా నమ్మలేదు. నాలుగడుగులు వేస్తే ఊపిరి ఆగిపోతుందని భయం. సూరత్ శివారు కోసాడ్‌లోని ఇల్లు దాటి నెలలైంది. దీపావళి సెలవులయ్యాక ఆయన పనిచేసే మరమగ్గాలు తెరుస్తారు. మళ్లీ వాటి ముందు నిలబడతాడో, సామాను సర్దుకుని సొంతూరు సిరిసిల్ల వెళ్లిపోతాడో ఆలోగా తేలాలి. ఆ దిగులుతో అక్క సగమైంది.

నాది చీరలకు డిజైన్లు గీసే పని. రంగుల కోసం సీతాకోకచిలుకల వెంట తిరిగే పిచ్చి ఒకటుంది. ఆయన్ను ఇల్లు కదిలించడానికి ఆ పిచ్చే ఈసారి పనికొచ్చింది.

ఏడున్నర బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ముందు సీట్లో చక్కెర మిల్లులో పనిచేసే పెద్దాయన ఒకరు ఎక్కడికని అడిగి, సీతాకోకను చూడ్డానికి బస్సెక్కినవాళ్లను ఇప్పుడే చూస్తున్నానన్నాడు. బావ ఆయనకు గట్టిగా వంత పాడాడు. దారిలో బావ నోరు విప్పింది అప్పుడే.

ఎనిమిదీ నలభైకి బార్డోలీ. బస్టాండు బయట వేడివేడి శనగపిండి ఖమణ్ తిని, టీ తాగి, ఆటోలో ఊరు దాటాం. చెరకు తోటల చివర, నేను వెతికే నీలం సీతాకోక ఉండే గడ్డి బీడుంది. వెళ్లేవాళ్లు తొమ్మిది దాటాకే వెళ్లండి. మంచు ఆరందే ఈ పురుగు కదలదు.

బావ గట్టు మీద చతికిలబడ్డాడు. నేను అరగంట నీలం రంగు కోసం గాలించాను. దొరికితే ఒట్టు.

“గదేంది, నీ కాలికాడ?” అన్నాడు బావ.

రెక్కలు ముడుచుకుని, మట్టిరంగులో ఎండుటాకులా ఉన్న సీతాకోక. మూడుసార్లు దాన్ని దాటుకునే తిరిగాను. అది మనది కాదన్నాను.

“సాంచా మీద చీర గూడ మనకు ఉల్టానే కనవడ్తది గద. అసలు రంగు కిందికుంటది. జర ఆగు.”

సాంచా అంటే మా వాళ్ల మాటలో మరమగ్గం. రోజూ చీర తిరగవైపు చూసి బతికేవాణ్ని, నాకే తట్టలేదు. సిగ్గేసింది. మబ్బు తొలిగింది. ఎండ తగలగానే అది రెక్కలు విప్పింది. ముందు రెక్కలు నలుపు, వెనక రెక్కలు మెరిసే నీలం, వాటి మీద నారింజ అంచులతో కళ్లలాంటి మచ్చలు. మగది అది. ఆడదానికి ఇంత మెరుపుండదు.

దీని కాపలా చూసి తీరాలి. గడ్డి లేని చారెడు నేల మీద రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది. తూనీగ వచ్చినా, ఇంకో సీతాకోక వచ్చినా తరిమికొట్టి మళ్లీ ఆ చోటికే వచ్చి వాలుతుంది. మా బావ పడీపడీ నవ్వాడు. ఇంకో మగది రాగానే రెండూ కలబడి, నేలకు ఆనుకుని బీడు అవతలికి ఎగిరాయి. ఏది గెలుస్తుందో చూడాలని బావ వాటి వెంట పడ్డాడు. నేనూ వెనకే పరిగెత్తాను. నేను చేరేసరికి బీడు చివర మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“మనదే గెల్చింది,” అన్నాడు.

పన్నెండింటికి గట్టు మీదే జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తిన్నాం. ఒంటిగంట బస్సు దొరికింది. కూర్చున్నాక బావ నా వైపు తిరిగాడు.

“గా పురుగు బీడు మొత్తం నాదే అనలే. కాసుకోగలిగినంత జాగనే పట్టుకున్నది. సాంచాల సేఠ్‌కు చెప్పు, మునుపట్ల ఎనిమిది సాంచాలు నాతోని గావు. నాలుగిస్తె తెరిచిన్నాడే వస్త.”

ఆగలేక బస్సులోంచే అక్కకు ఫోన్ చేశాను. బావ పనిలోకి వస్తానన్నాడంటే ఆమె నమ్మలేదు. నిజంగా బీడులో నడిచాడా, ఎంత దూరం నడిచాడు అని అడిగింది.

“నడ్వలేదక్కా,” అన్నాను, “ఉరికిండు.”