సబ్బునీళ్లు తాగిన గొట్టం

సబ్‌స్టేషన్ బ్రేకర్లలో నింపే గ్యాసులో తడి ఉందేమో చేతిమీటరుతో చూడటం నా ఉద్యోగం. మాది తెనాలి. మొన్న వేసవిలో రేపల్లె వెళ్లి, కరెంటు ఆపించి, బ్రేకరుకి సన్నగొట్టంతో మీటరు తగిలిస్తే, గ్యాసులో సముద్రమే దాక్కుందన్నంత తడి చూపించింది! తడి గ్యాసుతో కరెంటు వదిలితే బ్రేకరు పేలిపోవచ్చు. వదలకపోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగక చెరువుల్లో రొయ్యలు చస్తాయి. గేటు దగ్గర రైతులు మూగారు.

“బాబాయ్, జనరేటర్లలో డీజిలు అడుగంటిందండి. త్వరగా తేల్చండి!”

“గ్యాసంతా మార్చాలయ్యా. రేపటిదాకా కరెంటు రాదు.”

ఒకాయన తల పట్టుకుని కూలబడ్డాడు.

అంతలో మా ఆవిడ ఫోను. “ఏమండీ, మీ సంచిలో సన్నగొట్టం జిడ్డోడుతుంటే పొద్దున్నే సబ్బునీళ్లతో కడిగి పెట్టాను. ఆరిందాండీ?”

గబగబా ఆ తడిగొట్టం పీకేసి, సంచిలోని కొత్తగొట్టం తగిలించాను. గ్యాసు ఎండుమిరపకాయలా పొడిగా ఉంది! కరెంటు వదిలారు. అవతలి చెరువుల్లో ఏరేటర్లు గిర్రున తిరిగేసరికి, పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు.

బాపట్లలో మా బావమరిదికి మాత్రం, ముక్కుతో వాసన చూసి సబ్బు కనిపెట్టానని చెప్పాను.

ఇప్పుడు సంచి మా ఆవిడకి అందకుండా అటకెక్కించాను. ఫోను మాత్రం మొదటి రింగుకే ఎత్తుతున్నాను.