కుట్టేదా, కొట్టేదా

రాయదుర్గం జీన్సు షెడ్లలో మనిషిని ఇంటిపేరుతో కాదు, కుట్టే ముక్కతో పిలుస్తారు. హేమావతి జేబుల హేమక్క. పెళ్లయిన ఏడాది మిషను ముందు కూర్చుంది. అప్పటి నుంచి వెనక జేబు తప్ప ఇంకోటి కుట్టలేదు. పక్క మిషను మల్లీశ్వరిది జిప్పు, ఆ పక్కన ఓబమ్మది నడుం పట్టీ. పూర్తి ప్యాంటు ఎవరి చేతిలోనూ తయారవదు.

అలాంటిది ముగ్గురూ కలిసి ఒక ఆదివారం పూర్తి ప్యాంటు కుట్టి, సంచిలో పెట్టుకుని బెంగళూరు బస్సెక్కారు. చిక్‌పేటలో బట్టల వ్యాపారి కేశవ, మాదిరి నచ్చితే నేరుగా వాళ్లకే పని ఇస్తానన్నాడు. ఇస్తే హేమావతి ఇంటి వసారాలో మూడు మిషన్లు వేసుకోవచ్చు, మేస్త్రీ కేకలు వినక్కర్లేదు. కానీ కేశవ మధ్యాహ్నం రైలుకు సూరత్ పోతున్నాడు. ఆలోగా కలవకపోతే పని ఇంకొకరికి పోతుంది.

తెల్లారే దిగారు, దుకాణం ఇంకా తెరవరు కాబట్టి ముందు లాల్‌బాగ్ చూశారు. నిండుగా ఉన్న చెరువును చూసి ఓబమ్మ చెప్పులు విడిచింది.

"గుడికొచ్చినావామే?" అంది మల్లీశ్వరి.

"మనూర్లో ఇన్ని నీళ్లుంటే గుడే కడతారు, పో."

అక్కడి నుంచి చిక్‌పేటకు మెట్రో. భూమి అడుగున రైలు దిగి, కదిలే మెట్ల ముందుకొచ్చి ముగ్గురూ ఆగిపోయారు. మెట్లు వాటంతటవే పైకి పోతున్నాయి. ఎక్కడో కొసన వెలుతురు.

"మొగుని చెయ్యి గూడా ఇంత గట్టిగా పట్టుకోలేదుమే" అంటూ మల్లీశ్వరి రబ్బరు కడ్డీని వాటేసుకుంది.

హేమావతి మెట్టు మీద కాలు పెట్టి తలెత్తింది. సరిగ్గా ముఖానికి ఎదురుగా ఒక జేబు. దాని పైన ఇంకొకటి. ఆ వెలుతురు దాకా వరుసగా జేబులే. షెడ్డులో జేబంటే కట్టలో పడి ఉండే గుడ్డముక్క. ఇక్కడ అది మనిషితో పాటు నడుస్తోంది. ఒకదాంట్లో ఫోను ఉబ్బెత్తుగా ఉంది, ఒకదాంట్లోంచి దువ్వెన తొంగిచూస్తోంది. ఒక పిల్ల పక్కన నిలబడ్డవాడి జేబులో తన చెయ్యి దాచుకుంది. తన చేతి కింద నుంచి పోయిన ముక్కలకు ఇంత బతుకుందని హేమావతికి ఎవరూ చెప్పలేదు. అలాగే చూస్తూ పోయింది.

ఎదురు జేబు మూలన ఒక దారం వేలాడుతోంది.

షెడ్డులో వేలాడే దారం కంటపడితే తెంపాల్సిందే. ఎవరి ముక్క అని అడగరు. ఆమె వేళ్లు వాటంతటవే పోయాయి.

ఆ జేబు మనిషి గిర్రున తిరిగాడు. "ఏయ్, ఏం చేస్తున్నావ్?" తెలుగువాడే, కోస్తా యాస.

"ఏం లేదు సార్, నేను జేబులు కుడతా..."

మెట్ల గరగరలో అతనికి వేరే మాట వినబడింది. "కొడతావా? నా మొహం మీదే చెప్తున్నావా?"

పైన సెక్యూరిటీ అమ్మాయి ఆపింది. సంచి తెరిస్తే కొత్త ప్యాంటు, బిల్లు లేదు. "ఇది ఏ షాపులో లేపారో!" అన్నాడతను. హేమావతి గోడ గడియారం చూసింది. అవతల కేశవ బయలుదేరే వేళ.

సెక్యూరిటీ అమ్మాయి శశిది ఆంధ్రా సరిహద్దులోని పావగడ. తెలుగు బాగా వచ్చు. "అక్కా, నెమ్మదిగా చెప్పు. కుట్టేదా, కొట్టేదా?"

"కుట్టేది తల్లీ! కొట్టేదాన్నయితే చెప్పి కొడతానా?"

శశికి నవ్వాగలేదు. అతను జేబు తడుముకున్నాడు. ఫోనుంది, పర్సుంది. "మరి చెయ్యెందుకు పెట్టావ్?"

హేమావతి పిడికిలి విప్పింది. "ఇదో సార్, మీ దారం."

ఏం చెయ్యాలో తోచక అతనా దారం తీసుకుని వెళ్లిపోయాడు.

ముగ్గురూ పరుగెత్తారు. దుకాణం ముందు ఆటో సిద్ధంగా ఉంది, కేశవ ఒక కాలు లోపల పెట్టాడు. "ఇప్పుడా వచ్చేది? ఇంక చూసే టైము లేదమ్మా."

"సూడద్దన్నా" అంది హేమావతి ఆయాసపడుతూ. "తొడుక్కోని పో. ఫోను ఎనక జేబులో పెట్టుకో. లెయ్, కూసో, మెట్లెక్కు. తిరిగొచ్చేలోగా యాడన్నా దారం ఊడితే మాకు పని ఇయ్యద్దు."

కేశవ తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"పడతాది లేన్నా, పట్టీ నాది" అంది ఓబమ్మ.

"జిప్పుకు పూచీ నాది. ఆపైన నీ దయ" అంది మల్లీశ్వరి.

కేశవ నవ్వుతూ లోపలికి పోయి తొడుక్కుని వచ్చాడు. ఫోను వెనక జేబులోకి తోసి, గుమాస్తాను కేకేశాడు: "వీళ్లకో కట్ట గుడ్డ ఇవ్వు. ఊడిందో, ఇదే మొదలూ ఆఖరూ!" అతను ఆటోలో కూర్చునేదాకా హేమావతి అతని ముఖం చూడలేదు, జేబే చూసింది.

సాయంత్రం ఊరి బస్సు కోసం మెజెస్టిక్‌లో మెట్రో దిగితే మళ్లీ అలాంటి మెట్లే. మళ్లీ ముఖానికి ఎదురుగా ఒక జేబు, మూలన వేలాడే దారం.

"అక్కా, వద్దు!" అంది వెనక నుంచి మల్లీశ్వరి.

గుడ్డ కట్టను హేమావతి రెండు చేతులా పొదివి పట్టుకుని ఉంది. తెంపడానికి చెయ్యి ఖాళీ లేదు. పైదాకా ఆ దారాన్ని చూస్తూనే పోయింది.