గుడ్డు ముట్టని మామగారికి తేట బీరు

2023 జూన్. కివీల దేశంలోని హామిల్టన్‌లో చలికాలం మొదలైంది. పొద్దున్న తొమ్మిది దాటినా నది మీది పొగమంచు విడవదు. మా షాపు ఊరికి ఉత్తరాన, టైర్ల షాపుకీ కార్పెట్ల గోడౌనుకీ మధ్య ఉంటుంది. ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి: బార్లీ మొలకల మాల్టు, చేదునిచ్చే హాప్స్ పువ్వు, పులియబెట్టే ఈస్ట్, బీరు పులియబెట్టే ఫెర్మెంటర్ డ్రమ్ములు, ఖాళీ సీసాలు, మూతలు.

మా అమ్మాయి ఇక్కడ నర్సు. ఆమె పిల్లల్ని చూసుకోవడానికి వచ్చాను. వాళ్ళు స్కూలుకి వెళ్ళడం మొదలెట్టాక ఖాళీగా కూర్చోలేక ఈ షాపులో చేరాను. చదవడం రాయడం నాకు నలభై దాటాకే వచ్చింది. ముందు చర్చిలో తెలుగు, తర్వాత ఇక్కడికొచ్చి ఇంగ్లీషు. అందుకని మొదట్లో ప్యాకెట్లని పేరు చూసి కాక వాసన చూసి గుర్తుపట్టేదాన్ని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. బీరు షాపులో పనేమిటని చర్చిలో ఒకరిద్దరు మొహం చిట్లించారు. "నేను తాగను. తాగేవాళ్ళు పాడైపోయింది తాగకుండా చూస్తాను" అని చెప్పాను. బీరు బాగుందో లేదో కంటితో, ముక్కుతో చెబుతాను. రుచి చూసే పని మా యజమానిది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే, బీరు మసకగా ఉంది, ఏం చెయ్యాలి అని. పులవడం పూర్తయ్యాక కూడా ఈస్ట్, బార్లీలోని మాంసకృత్తులు బీరులో సన్నగా తేలుతూ ఉంటాయి. అవి అడుగుకి దిగితేనే బీరు తేటపడుతుంది. సీసాల్లో నింపేముందే ఆ పని జరగాలి. నింపాక చెయ్యగలిగింది తక్కువ. అన్నిటికంటే తేలిక దారి కోల్డ్ క్రాష్, అంటే ఫెర్మెంటర్‌ని తీసుకెళ్ళి పాత ఫ్రిజ్‌లో పెట్టి కదపకుండా వదిలేయడం. ఓపిక లేనివాళ్ళు ఫైనింగ్స్ వేస్తారు. అంటే మడ్డిని పట్టుకుని అడుగుకి లాక్కుపోయే మందులు. వాటిలో బాగా వాడేది జెలటిన్.

డారెన్ మాకు పాత కస్టమరే. కివీ కుర్రాడు, ఎలక్ట్రీషియన్. భార్య లావణ్య మన అమ్మాయే. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగం చూసుకుని స్థిరపడింది. ఇల్లు ఇదే ఊళ్ళో, రోటోటూనాలో. ఆమె నన్ను ఆంటీ అంటుంది కాబట్టి అతనూ ఆంటీ అనే పిలుస్తాడు. ఆ రోజు అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఆంటీ, కుడితి అంటే ఏంటి?"

"ఎవరన్నారు నిన్ను?"

"నన్ను కాదు, నా బీరుని. మామయ్యగారు గ్లాసు ఎత్తి దీపానికేసి చూసి, 'బీరా, కుడితా?' అన్నారు. లావణ్య పడీపడీ నవ్వింది గానీ అర్థం చెప్పట్లేదు."

గేదెలకి పెట్టే బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, గంజి అని వివరించాను. అతనూ నవ్వాడు, కానీ పూర్తిగా కాదు.

ఆ మామగారు కోటేశ్వరరావు గారు. కృష్ణా జిల్లాలో కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక మొదటిసారి కూతురి దగ్గరికి వచ్చారు. శుద్ధ శాకాహారి. గుడ్డు కూడా ముట్టరు. సాయంత్రం ఒక గ్లాసు బీరు మాత్రం కావాలి. ఆయన తెలుగు డారెన్‌కి రాదు, డారెన్ ఇంగ్లీషు ఆయనకి అందదు. ఇద్దరూ గదిని వెచ్చబరిచే హీట్‌పంప్ ముందు కూర్చుని, చెరో గ్లాసు పట్టుకుని, రగ్బీ చూస్తూ గంట గడిపేస్తారని లావణ్య చెప్పింది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది ఆ ఒక్క గంటే. జులై చివర ఆయన అరవై ఐదో పుట్టినరోజు. ఆ రోజు మా అల్లుడు కాచిన బీరే అందరికీ పోస్తానని ఆయన అప్పటికే ఫోనుల్లో చెప్పేసుకున్నారట.

"అయితే అది అద్దంలా ఉండాలి ఆంటీ" అన్నాడు డారెన్.

ఫెర్మెంటర్‌లో ఉన్న కొత్త బీరు పులిసింది కదా, ఫ్రిజ్‌లో పెట్టి ఓపిక పట్టు అని చెప్పి పంపాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, చేతిలో జామ్ సీసా. ఫెర్మెంటర్ కుళాయి నుంచి పట్టిన బీరు. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే అవతల టైర్ల షాపు బోర్డు మీది అక్షరాలు చదవగలిగాను. నా సర్వీసులో ఇంటి బీరు అంత తేటగా అరుదుగా చూశాను.

"బాగుంది నాయనా! ఏం చేశావు?"

"ఓపిక పట్టలేకపోయాను. సూపర్‌మార్కెట్‌లో జెలటిన్ కొని, గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పోశాను. రెండ్రోజుల్లో ఇలా అయింది. సాయంత్రం సీసాల్లో నింపేస్తాను."

సీసా కౌంటరు మీద పెట్టాను. "డారెన్, జెలటిన్ దేనితో చేస్తారో తెలుసు కదా?"

"ఆఁ, ఎముకలు, తోలు..." అంటూనే ఆగిపోయాడు. జెలటిన్ ఉంటుంది కాబట్టి జెల్లీ మిఠాయిలు ఇంట్లోకి తేవద్దని లావణ్య అతనికి ముందే చెప్పి ఉంది. అది తినేదాని సంగతి. బీరుకి కూడా అదే లెక్క అని అతనికి తట్టలేదు. బీరంటే బార్లీ, నీళ్ళు, హాప్స్ అనే అనుకుంటాం. తేట చెయ్యడానికి వేసేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన శాకాహారులు కూడా అడగరు.

సాయంత్రం లావణ్య ఫోను.

"ఆంటీ, అది మొత్తం అడుగుకి దిగిపోతుంది కదా? పై బీరులో ఏమీ ఉండదు కదా?"

"దాదాపు అంతా దిగుతుందమ్మా. ఒక్క చుక్క కూడా లేదని నేను ప్రమాణం చెయ్యలేను."

"అయితే వదిలేద్దాం ఆంటీ. నాన్నకి తెలియక్కర్లేదు. అందరితో చెప్పేసుకున్నారు. ఇప్పుడు ఇది తెలిస్తే ఆ బీరే కాదు, ఇంక ఎప్పుడూ డారెన్ చేతి గ్లాసు పుచ్చుకోరు. మీరు కూడా చెప్పకండి, ప్లీజ్."

"డారెన్ ఏమంటున్నాడు?"

"సీసాలు కడిగి పెట్టాడు, నింపట్లేదు."

శనివారం ముగ్గురూ షాపుకొచ్చారు. బీరు సామాను ఎక్కణ్ణించి వస్తుందో చూడాలని పెద్దాయనకి కుతూహలం. కోటు, మంకీ క్యాపు, మఫ్లరు. లోపలికి రాగానే హాప్స్ ప్యాకెట్టు వాసన చూసి "వేపపువ్వులా చేదు వాసనేస్తోంది" అన్నారు. నేను తెలుగులో పలకరించేసరికి సంబరపడిపోయారు.

"ఏం చెల్లెమ్మా, మా అల్లుడుగారు మొన్న సీసాలో పట్టి చూపించారు. నీళ్ళలా ఉంది! నేను కుడితి అన్నందుకు పట్టుదల వచ్చినట్టుంది. ఏం వేస్తే అలా తేటపడుతుంది?"

లావణ్య నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు, వాళ్ళింటి మాట నేను బయటపెట్టడమూ మర్యాద కాదు.

"కాచింది డారెన్ కదా అన్నయ్యగారూ, అతన్నే అడగండి" అన్నాను.

అడిగిందేమిటో డారెన్‌కి నా నోటి ద్వారా తెలియక్కర్లేకపోయింది. మామగారు పై అరలో ఫైనింగ్స్ ఉన్న సీసాలకేసి వేలు చూపించి అతని వైపు చూడడంతోనే గ్రహించాడు. "మామయ్యగారూ" అన్నాడు. ఆ ఒక్క మాటే అతనికొచ్చిన తెలుగు. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. "మీరు చెప్పండి ఆంటీ. తగ్గించి చెప్పొద్దు."

"అన్నయ్యగారూ, ఇతను జెలటిన్ వేశాడు. అది పశువుల ఎముకలు, తోలు ఉడికించి తీసేది. వేసేటప్పుడు ఆలోచన రాలేదు. తెలిశాక మీకు పొయ్యడం ఇష్టంలేక నింపకుండా ఉంచాడు."

లావణ్య అందుకుంది. "నాన్నా, అదంతా అడుగుకి దిగిపోతుంది, పైన అసలు—"

"నువ్వాగమ్మా." ఆయన మంకీ క్యాపు తీసి చేత్తో పట్టుకున్నారు. "నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న."

"నా కూతురు చెప్పలేదు. అల్లుడు చెప్పాడు." డారెన్‌కి మాటలు తెలియకపోయినా ఎవరి మీద విసుగో తెలిసినట్టుంది, భార్య పక్కకి జరిగి నిలబడ్డాడు.

చివరికి పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో డారెన్ని అడిగారు, ఆ బీరంతా ఏం చేస్తావని. మా రగ్బీ స్నేహితులున్నారు, వాళ్ళు ఏది పోసినా తాగుతారు అన్నాడు డారెన్. ఆయనకి నవ్వొచ్చింది.

"సరే. పుట్టినరోజు లోపల ఇంకోటి కాచగలడా, అడుగు చెల్లెమ్మా. ఈసారి నేను పక్కనే ఉంటాను. మాది కాలవల శాఖ. నీళ్ళు తేట చెయ్యడం నాకు తెలీకపోవడమేంటి? చిల్లగింజ అరగదీసి కలిపితే సరి."

"మా అమ్మా బిందెలో అదే అరగదీసేది. కాలవ నీళ్ళకి సరే, బీరులో వెయ్యగా నేను చూడలేదు. మీ పుట్టినరోజు నాడు ప్రయోగం వద్దు."

ఐరిష్ మాస్ ప్యాకెట్టు తీశాను. అది ఎండబెట్టిన సముద్రపు నాచు. మాల్టు మరుగుతున్నప్పుడు చివరి పావుగంటలో వేస్తే మాంసకృత్తుల్ని ముద్ద కట్టిస్తుంది. పులిశాక వేస్తే పని చెయ్యదు. అందుకే పాత బీరుని దానితో సరిచెయ్యడం కుదరదు, మొదటినుంచీ కాచాల్సిందే. పెద్దాయన ప్యాకెట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"చేపల వాసన వస్తోందే?"

"సముద్రం వాసన. చేప కాదు."

"మరి ఈస్ట్? అది ప్రాణమున్నదే కదా?"

"మీరు పెరుగు తింటారు కదా అన్నయ్యగారూ?"

"అదీ నిజమే" అని ప్యాకెట్టు డారెన్ చేతిలో పెట్టారు.

మర్నాడు ఇద్దరూ కలిసి గరాజ్‌లో పెద్ద గిన్నె పెట్టి కాచారట. నాచు వేసే వేళకి మామగారే గడియారం చూసి చెప్పారట. తర్వాత వారం గడిచాక డారెన్ ఫోన్ చేశాడు. బుడగలు ఆగిపోయాయి, పులవడం అయిపోయినట్టే కదా, ఇక నింపేస్తాను, టైము తక్కువుంది అన్నాడు.

హైడ్రోమీటర్ పెట్టి చూడమన్నాను. బీరులో తేలే గాజు గొట్టం అది. ఇంకా ఎంత తీపి మిగిలిందో దాని మీది గీత చెబుతుంది. తీపి చాలా మిగిలే ఉంది. గరాజ్ చలికి ఈస్ట్ పని మానేసిందంతే. అప్పుడు సీసాల్లో నింపితే లోపల మళ్ళీ పులిసి, సీసాలు పేలతాయి. ఫెర్మెంటర్‌ని ఇంట్లో వేణ్ణీళ్ళ ట్యాంకు ఉండే అల్మారాలో పెట్టమన్నాను. ఇక్కడ పాత ఇళ్ళన్నిటిలో తువ్వాళ్ళు వెచ్చగా ఉంచుకునేది అందులోనే. వాళ్ళది కొత్త ఇల్లయినా అదృష్టవశాత్తూ అది ఉంది.

"తువ్వాళ్ళన్నీ సోఫా మీదికొచ్చాయి ఆంటీ. ఇల్లంతా రొట్టె వాసన" అని లావణ్య మొరపెట్టుకుంది, కానీ గొంతులో కోపం లేదు. ఈస్ట్ మళ్ళీ లేచింది. మొత్తం పులిసేసరికి చేతిలో ఉన్న రోజులు కరిగిపోయాయి. సీసాల్లో నింపాక గ్యాస్ పట్టడానికి రెండు వారాలు కావాలి. అంటే ఫ్రిజ్‌లో పెట్టి తేటపరచడానికి మిగిలింది ఒక్క రాత్రి.

డారెన్ షాపుకొచ్చి పై అరలోని జెలటిన్‌కేసి చూశాడు. మూతలు మాత్రం కొనుక్కుని వెళ్ళాడు.

పుట్టినరోజుకి నన్నూ పిలిచారు. కేకు గుడ్డు లేనిది. పులిహోర, మిర్చి బజ్జీ, ఇక్కడి స్నేహితులు ఓ పాతిక మంది. డారెన్ మొదటి సీసా తెరిచి మామగారి గ్లాసు నింపాడు. నేను దూరం నుంచే చూశాను. కుడితి కాదు, అద్దమూ కాదు. పల్చటి మంచు వెనక ఉన్న ఎండలా ఉంది. డారెన్ చూపు గ్లాసు మీదే ఉంది, మామగారి మొహంకేసి చూసే ధైర్యం చాలట్లేదు.

లావణ్య స్నేహితుడొకడు సరదాగా అన్నాడు. "అంకుల్, షాపు బీరులా మెరవట్లేదే!"

"షాపు బీరులో ఏం పోశారో నాకెవరు చెప్పారు బాబూ?" అన్నారు కోటేశ్వరరావు గారు. "దీంట్లో ఏముందో నాకు తెలుసు. నేనే టైము చూశాను." ఒక గుక్క తాగి, గ్లాసు డారెన్‌కి అందించి, నువ్వు తాగు అన్నట్టు తల ఊపారు. డారెన్ ఒక గుక్క తాగి వెనక్కిచ్చాడు. లావణ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని బజ్జీలు తెచ్చింది.

ఆ తర్వాత షాపులో నేను రెండు మార్పులు చేశాను. యజమానికి చెప్పి ఫైనింగ్స్‌ని రెండు అరలుగా విడగొట్టాను. జంతువుల నుంచి వచ్చేవి ఒక అర, నాచు, ఖనిజాల నుంచి వచ్చేవి ఇంకో అర. రెండోది, బీరు తేట చెయ్యడానికి ఏమైనా ఇవ్వమని ఎవరు అడిగినా, ఏ రకం బీరు, ఎన్ని లీటర్లు అని అడిగేముందు ఇప్పుడు ఒక మాట అడుగుతాను, ఎవరు తాగుతారు అని. కొందరు నవ్వి, నేనే అంటారు. కొందరు ఆగి ఆలోచిస్తారు. ఆగినవాళ్ళని నాచు ఉండే ఆ రెండో అర దగ్గరికి తీసుకెళ్తాను.