‘వేసెయ్’ అనకూడని ఆట

పోయిన గురువారం జమ్మలమడుగులో మా బాస్కెట్‌బాల్ మామ పోయాడు. ప్రొద్దుటూరులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి చెబితే ఆమె నోట ముందు వచ్చింది “అయ్యో” కాదు. “ఎవురు చేసినారంట?” అంది.

“ఎవురూ కాదుమా. గుండెపోటు. మంచంలోనే.”

అవతల అమ్మ ఊపిరి వదలడం వినిపించింది. మా పక్క ఒక మగమనిషి మంచంలో పోవడం చిన్న సంగతి కాదు. నాకైతే పదేళ్ళుగా మోస్తున్న భయం సగం దిగింది.

ఆయన నాకు బంధువు కాదు. నా క్లాస్‌మేట్ నాన్న. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. మా హైస్కూల్లో బాస్కెట్‌బాల్ రింగు ఉండేది గానీ నేర్పేవాళ్ళు లేరు. తను కాలేజీలో ఆడినవాడు కాబట్టి, కూతురు అడిగిందని, డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చేవాడు. ఎనిమిది మంది ఆడపిల్లలం. ఆయనకు జీతమూ లేదు, పదవీ లేదు.

బనియన్లు కుట్టించేటప్పుడు పసుపు వద్దన్నాడు, ఆకుపచ్చ వద్దన్నాడు, నీలం, ఎరుపు కూడా వద్దన్నాడు. ప్రతి రంగుకూ ఒక జెండా, ప్రతి జెండా వెనకా కొన్ని ఊళ్ళు. చివరికి బూడిద రంగువి తెచ్చాడు.

“ఏంది మామా ఇవి? సిమెంటు మూటల మాదిరి ఉండాము,” అన్నాను.

“ఉండుమ్మా. సిమెంటుకు పార్టీ లేదు.”

బంతిని రింగులోకి విసిరేటప్పుడు ఎవరికైనా నోటికొచ్చే మాట “వేసెయ్”. మామ దగ్గర ఆ మాట కూడదు. మా సీమలో వేసెయ్యడమంటే మనిషిని చంపెయ్యడం. “పెట్టు అనండి. అన్నం పెట్టినట్ల, పూలు పెట్టినట్ల. బంతి మెల్లగా పోతాది,” అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు. నాటుబాంబులోని మేకులు మనిషి పొట్టలో ఎట్లా కనబడతాయో ఎక్స్‌రేలో చూసినవాడు. “తెల్లగా, చుక్కల మాదిరి,” అని ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆయన సొంత ఊరు పులివెందుల పక్క అని తప్ప మాకేమీ తెలియదు. అక్కడ ఆయన అన్నను చంపారని, ఇంట్లో మగవాడు మిగిలితే ఎప్పటికైనా బదులు తీర్చుకుంటాడని తమ్ముడైన ఈయన కోసం అవతలివాళ్ళు వెతుకుతున్నారని, ఊరి పేరే మింగేసి ఇక్కడికొచ్చాడని తర్వాత తెలిసింది. తెలియజేసింది నా నోరే.

మేం పదో తరగతిలో ఉండగా ప్రొద్దుటూరులో పోటీ. బహుమతులివ్వడానికి ఒక నాయకుడు నాలుగు బండ్ల మనుషులతో వచ్చాడు. వాళ్ళు కోర్టు గీత వెంబడి నిలబడి, ఆటను కాదు, జనాన్ని చూస్తున్నారు. మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి మామ కూతురి చేతికొచ్చింది. రింగు కింద ఎవరూ అడ్డం లేరు. నేను గొంతు చించుకున్నాను.

“వేసెయ్! వేసెయ్ పాపా!”

కుర్చీలు దబదబా పడ్డాయి. నాయకుణ్ణి ఇద్దరు కిందికి వంచేశారు. గీత మీది మనుషుల చేతులు చొక్కాల కిందికి పోయాయి. మామ రెండు చేతులూ పైకెత్తి కోర్టు మధ్యకు నడిచాడు.

“అప్పా, ఆటప్పా ఇది. పిల్లోళ్ళు. బంతిని ఎయ్యమనింది, అంతే.”

నాయకుడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. మామ మొహాన్నే చాలాసేపు చూశాడు.

“యాడో చూసినట్లుండాదే నిన్ను. ఏ ఊరు?”

మామ చెప్పాడు.

“ఎవురి తమ్మునివి?”

అదీ చెప్పాడు.

“అట్లనా,” అని నాయకుడు మళ్ళీ కూర్చున్నాడు. “సరే, ఆడిచ్చుకోపో.”

ఓడిపోయాం. బస్సులో ఏడుస్తున్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

“అబద్ధం చెప్పొచ్చు కదా మామా?”

“చెప్పింటే ఆడనే నిలబెట్టి అడిగేవాళ్ళు. మీరు ఎనిమిది మంది ఆడుంటిరి.” తువ్వాలు నా చేతికిచ్చి, “ఏడ్చగాకు. బంతి జారితే పక్కనోళ్ళు పట్టుకోరా? నీకు నోరు జారింది, నేను పట్టుకుంటి,” అన్నాడు.

ఆ సోమవారం నుంచి స్కూలు బయట ఒక జీపు ఆగేది. ఒకరోజు ఉండేది, నాలుగు రోజులు ఉండేది కాదు, మళ్ళీ ఉండేది. మామ మాకు నేర్పడం ఒక్కరోజు కూడా మానలేదు. ఆయన సైకిలు మాత్రం రోజుకో దారిన ఇంటికి పోయేది. ఇంటర్ కాగానే కూతురికి దూరపు సంబంధం చేశాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అనింటే బాగుండేదేమో.

శుక్రవారం సమాధుల తోటలో పాస్టరు ప్రార్థన ముగించాక, మట్టి వేసేవాళ్ళ వరుసలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకడు కలిశాడు. ఎవరి చుట్టమో మాకెవరికీ తెలియలేదు. పిడికెడు మట్టి వేసి, చేతులు దులుపుకుని, మామ కూతురి దగ్గరికొచ్చాడు.

“పిల్లోళ్ళు ఎంతమందిమ్మా నీకు?”

“ఒక్కతేనప్పా. కూతురు.”

“మగపిల్లోళ్ళు లేరా?”

“లేరు.”

“అయితే మంచిదే,” అని గేటు వైపు పోయాడు.

ఆమెకున్నది ఇద్దరు కొడుకులు. తాత మొహం ఆఖరిసారి చూపించడానికైనా వాళ్ళను తీసుకురాలేదు. ఎందుకని పొద్దున నేనడిగితే వీధి వైపు చూసి తలుపు దగ్గరికి వేసింది.

గేటు బయట బండి కదిలింది. ఆమె పిడికిట్లో మట్టితో నా పక్కనే నిలబడి ఉంది. బండి పెన్న వంతెన ఎక్కి, దాటి, కనబడకుండా పోయేదాకా ఆ వేళ్ళు విడలేదు.